ఆదిలాబాద్ గోండు ఛాయాచిత్రాలు: హక్కుదారులు, అనుమతులు, పేరులేని మనుషులు

సారాంశం

ఛాయాచిత్రం తీసినవారికి, డబ్బిచ్చి తీయించుకున్నవారికి, జీతమిచ్చి తీయించినవారికి భారత కాపీరైట్ చట్టం హక్కు ఇస్తుంది. చిత్రాన్ని భద్రపరచిన సంస్థ తన అధీనం వల్ల మరొక విధమైన అధికారం పొందుతుంది. చిత్రంలో కనిపించే మనిషికి ఈ వరుసలో చోటు లేదు. 1940లలో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ ప్రాంతంలో తీసిన గోండుల చిత్రాలు, నేడు విరివిగా ప్రచారంలో ఉన్న గుస్సాడీ చిత్రాలు ఆధారంగా ఈ లోపాన్ని పరిశీలించడం, చిత్రం కింద రాసే వాక్యాన్ని విమర్శకు యోగ్యమైన పాఠంగా చదవడం, తెలుగు పరిశోధనలో చిత్రాల వినియోగాన్ని ప్రశ్నించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఛాయాచిత్రం, కాపీరైట్, లైసెన్సు, గోండులు, గుస్సాడీ, మార్లవాయి, కాగజ్‌నగర్.

ఉపోద్ఘాతం

కాగజ్‌నగర్‌లోని ఏ ఫొటోస్టూడియోకైనా చుట్టుపక్కల మండలాల నుంచి గోండులు, కోలాములు వస్తూనే ఉంటారు. కుల ధ్రువీకరణ పత్రానికి, బ్యాంకు ఖాతాకు, పిల్లల హాస్టల్ దరఖాస్తుకు పాస్‌పోర్టు సైజు ఫొటో కావాలి. పెళ్ళికి ఆల్బమ్ కావాలి. డబ్బు చెల్లిస్తారు, ఫొటో తీసుకుంటారు, వెళ్ళిపోతారు. అదే మనిషి దీపావళి రోజుల్లో దండారి ఆడుతున్నప్పుడు బయటి నుంచి వచ్చినవారు కూడా ఫొటో తీస్తారు. ఇక్కడ డబ్బు చెల్లింపు లేదు, అడగడం కూడా తరచుగా ఉండదు. ఈ రెండు చిత్రాల మధ్య కళాత్మకమైన తేడా ఎంత ఉన్నా, చట్టపరమైన తేడా అంతకన్నా పెద్దది. మొదటి చిత్రానికి ఆ గోండు మనిషే యజమాని. రెండవ దానిలో అతనికి ఏ కాపీరైట్ హక్కూ లేదు.

తెలుగులో గిరిజన సాహిత్యం, సంస్కృతి మీద వచ్చిన పరిశోధన కథను, పాటను, పురాణాన్ని నిశితంగా చదివింది. ఆ గ్రంథాల ముఖచిత్రాల మీద, అనుబంధాల్లో కనిపించే ఛాయాచిత్రాలను మాత్రం అలంకారంగానే వదిలేసింది. పాట ఎవరి నోట సేకరించారో చెప్పడం జానపద పరిశోధనలో కనీస నియమం. ఫొటోలో ఉన్నది ఎవరో చెప్పడం అలాంటి నియమం కాలేకపోయింది.

డబ్బిచ్చినవారి హక్కు

1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 2(సి) ప్రకారం ఛాయాచిత్రం కళాకృతి. దానికి కళాత్మకమైన నాణ్యత ఉండాలన్న షరతు లేదు. సెక్షన్ 2(డి) ప్రకారం ఫొటో తీసిన వ్యక్తే కర్త. అయితే కర్త అయినంత మాత్రాన యజమాని కాడు. సెక్షన్ 17(బి) ప్రకారం ఒకరి కోరిక మీద, ప్రతిఫలం తీసుకొని తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్న వ్యక్తే తొలి యజమాని. ఉద్యోగ బాధ్యతలో తీసిన ఫొటో యజమానికి, ప్రభుత్వ ఆదేశంతో తయారైన కృతి ప్రభుత్వానికి చెందుతాయి.

ఈ నిబంధన స్టూడియోల వాడుకకు పూర్తిగా భిన్నమైనది. నెగటివ్ తమ దగ్గర ఉంది కనుక బొమ్మ తమదేనని స్టూడియోలు చిరకాలంగా భావించాయి, కస్టమర్లూ ఒప్పుకున్నారు. నెగటివ్ ఒక వస్తువు. కాపీరైట్ ఆ వస్తువుకు అంటుకొని ఉండదు. పెళ్ళికూతురి ఫొటోను పెద్దది చేసి స్టూడియో అద్దాల్లో ప్రదర్శించాలంటే, ఒప్పందంలో ముందే రాసుకోనప్పుడు, ఆ కుటుంబం అనుమతి తప్పనిసరి. పత్రిక ఉద్యోగి కాని ఫొటోగ్రాఫర్ స్వయంగా తిరిగి తీసుకున్న చిత్రం మాత్రం అతనిదే. దాన్ని ఎవరైనా వాడుకోవాలంటే రాతపూర్వకమైన లైసెన్సు కావాలి. ఏ ఉపయోగానికి, ఎన్నేళ్ళకు, ఏ ప్రాంతానికి అన్నవి అందులో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా చట్టమే భావిస్తుంది (సెక్షన్ 19, లైసెన్సులకూ ఇది సెక్షన్ 30ఎ ద్వారా వర్తిస్తుంది). ఆ లెక్కన అంతర్జాలంలో ప్రపంచమంతా చదివే ఈ-పుస్తకానికి నోటిమాటగా తీసుకున్న అనుమతి ఎంతమాత్రం చాలదు.

17(బి)లోని తర్కం వ్యాపార తర్కం. ప్రతిఫలమే హక్కుకు మూలం. రాజా దీన్‌దయాళ్ ఆరవ నిజాం కొలువులో, సికింద్రాబాద్ స్టూడియోలో తీసిన చిత్రాలను ఈ దృష్టితో చూడవచ్చు. ఆ కాలానికి ఈ చట్టం లేదు గాని, సంబంధం అదే. అమీరు డబ్బిచ్చాడు, తన ఇష్టం వచ్చిన దుస్తుల్లో, తనకు నచ్చిన భంగిమలో కూర్చున్నాడు. ఆ చిత్రాల్లో ప్రభువుల పేర్లు, బిరుదులు భద్రంగా ఉన్నాయి. అడవిలో నిలబడినవారికి ఆ వెసులుబాటు లేదు. తన రూపం మీద అధికారం కొనుక్కోగలిగినవాడికే దక్కిందన్న మాట.

హైమన్‌డార్ఫ్ చిత్రాలు, గడువుల లెక్క

వియన్నాలో 1909లో పుట్టిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ రెండవ ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు భారతదేశంలో ఉండి, శత్రుదేశీయుడిగా పరిగణింపబడి, హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోవలసి వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం హతుడైన తరువాత గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో నివసించారు. గోండుల విద్యాపథకం 1943లో అక్కడే మొదలైంది. ఆయన నివేదికల ఫలితంగా గిరిజనులకు భూమి పట్టాలు దక్కాయి. మార్లవాయిలో ఆ దంపతుల సమాధులున్నాయి. ఊరివారు వారిని నేటికీ స్మరించుకుంటారు. కనుక ఈ కెమెరాను దోపిడీదారు కెమెరాగా చిత్రించడం చరిత్రకు అన్యాయం. మంచి ఉద్దేశంతో, ప్రేమతో తీసిన చిత్రాల్లో కూడా హక్కుల అమరిక ఎలా ఉందన్నదే ఇక్కడి ప్రశ్న.

ఆ చిత్రాలు 1948లో వచ్చిన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్', 1979లో వచ్చిన 'ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' వంటి గ్రంథాల ద్వారా లోకానికి తెలిశాయి. ఆయన చిత్రాలు, చలనచిత్రాలు, క్షేత్ర పత్రాలు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్ ఆర్కైవులో ఉన్నాయి. 1979 గ్రంథం ముఖపత్రం మీదే ఎలిజబెత్ సహకారాన్ని ప్రకటించింది. అయినా మన వ్యాసాల్లో 'హైమన్‌డార్ఫ్ తీసిన ఫొటో' అన్న ఒక్క ముక్కతో పని అయిపోతుంది. కెమెరా వెనుక ఉన్న మనిషి విషయంలోనే పేరు సగమైతే, ముందున్నవారి సంగతి చెప్పనక్కరలేదు.

ఈ చిత్రాలను ఇవాళ ఒక తెలుగు గ్రంథం ముద్రించుకోవాలంటే ఎవరిని అడగాలి? భారత చట్టాన్ని అక్షరాలా అన్వయిస్తే విచిత్రమైన లెక్క తేలుతుంది. పాత సెక్షన్ 25 ప్రకారం ఫొటోకు కాపీరైట్ గడువు ప్రచురణ నుంచి లెక్క. మొదట 50 ఏళ్ళు, 1992 నుంచి 60 ఏళ్ళు. 1948లో ప్రచురితమైన చిత్రానికి ఆ గడువు 2008 చివరికి తీరింది. 2012 సవరణ సెక్షన్ 25ను తొలగించి, ఫొటోలను కూడా ఇతర కృతులతో సమానంగా కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు అన్న నియమం కిందికి తెచ్చింది. అప్పటికే తీరిపోయిన హక్కును మళ్ళీ బతికించే మాట ఆ సవరణలో లేదు. 1979లో తొలిసారి అచ్చయిన చిత్రం సంగతి వేరు. దాని గడువు 2012 నాటికి మిగిలే ఉంది కనుక, 1995లో మరణించిన కర్త లెక్కన అది 2055 చివరి దాకా సాగుతుంది. ఒకే ఊళ్ళో, ఒకే ఏడాది, ఒకే కెమెరాతో తీసిన రెండు బొమ్మల్లో, ముందు అచ్చయినది సార్వజనీనం, తరువాత అచ్చయినది ఇంకా రక్షితం. బ్రిటన్‌లో సాధారణ గడువు జీవితకాలంపై 70 ఏళ్ళు. అక్కడ లెక్క 2065 దాకా పోతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశారు. ఆ హోదాలో తీసిన చిత్రాలు ప్రభుత్వ కృతులా, పండితుడి సొంత కృతులా? 1957 చట్టం కన్నా ముందటివి కనుక నేటి సెక్షన్ 17ను వాటికి నేరుగా వర్తింపజేయలేము. కాని ప్రభుత్వ సొమ్ముతో, ప్రభుత్వ అవసరం కోసం సాగిన పరిశీలనలో పుట్టిన బొమ్మల మీద ఆ ప్రభుత్వానికి వారసురాలైన రాష్ట్రం కనీసం ప్రతులు అడగడానికి నైతికమైన ఆధారం ఇక్కడుంది.

ఆర్కైవులు అడిగే రుసుము విషయంలోనూ స్పష్టత కావాలి. ప్రతి తయారు చేసినందుకు రుసుము ఒకటి, ప్రచురణ హక్కు ఇచ్చినందుకు రుసుము మరొకటి. కాపీరైట్ తీరిన చిత్రానికి మొదటిది అడగవచ్చు. రెండవది అడిగితే అది కాపీరైట్ బలంతో కాదు, వస్తువు తమ దగ్గర ఉందన్న బలంతో, ఒప్పందం బలంతో అడగడమే. ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007లో సుప్రీంకోర్టు, కేవలం శ్రమ పెట్టినందువల్ల కొత్త కాపీరైట్ పుట్టదని, కొంతైనా సృజన ఉండాలని చెప్పింది. పాత ఫొటోను యథాతథంగా స్కాన్ చేసినంత మాత్రాన కొత్త హక్కు వస్తుందన్న వాదన ఈ తీర్పు ముందు నిలవడం కష్టం.

ఇంత లెక్కలోనూ లండన్ ఉంది, వారసులున్నారు, ప్రచురణకర్తలున్నారు, ప్రభుత్వం ఉంది. మార్లవాయి లేదు.

చిత్రం కింది రాత

1868-75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' ఒక రచనా పద్ధతిని స్థిరపరిచింది. బొమ్మ ఒక మనిషిది, కింది రాత ఒక జాతిది. 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాలు కూడా దక్షిణాదిలో ఆ పద్ధతినే కొనసాగించాయి. 'గోండు యువతి', 'ప్రధాన్ గాయకుడు', 'కోలాం ఇల్లు' వంటి రాతలు మన పాఠ్యపుస్తకాల్లో, పర్యాటక శాఖల క్యాలెండర్లలో, సిద్ధాంత గ్రంథాల అనుబంధాల్లో నేటికీ ఈ వ్యాకరణంలోనే సాగుతున్నాయి.

ఈ రెండు మాటల వాక్యాన్ని సాహిత్య పాఠంగా చదివితే కొన్ని సంగతులు బయటపడతాయి. ఇందులో క్రియ లేదు, కాలం లేదు, సంబంధం లేదు. 1943లో కూలి డబ్బుల కోసం నిలబడినవాడైనా, 2020లో సెల్‌ఫోన్ పట్టుకున్నవాడైనా 'గోండు యువకుడే'. జాతి నామం విశేషణంగా మారి, మనిషిని సామాన్య నామంలో కరిగిస్తుంది. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవల ఒక గోండు మనిషిని పేరుతో, ఊరితో, కోపంతో తెలుగు పాఠకుల ముందు నిలబెట్టింది. ఆ నవలను చర్చించే పరిశోధన పుటల్లోనే పేరులేని 'గోండు యువకుడు' బొమ్మ పడడం తెలుగు పరిశోధనకు ఇబ్బందిగా తోచవలసింది.

కాగజ్‌నగర్ అటవీ డివిజన్‌లో కెమెరా ట్రాపులకు చిక్కిన ఆడపులికి ఫాల్గుణ అని పేరుంది. దాని పిల్లలను, అది తిరిగిన చోట్లను ఆ పేరుతోనే పత్రికలు రాశాయి. చారలను బట్టి పులిని వేరుచేసి గుర్తుపట్టే శ్రద్ధ, ఆ అడవి అంచున బతికే మనిషి ముఖం విషయంలో చూపడం అసాధ్యమైన పనేమీ కాదు.

పేరు లేకపోవడం వల్ల కలిగే నష్టం కేవలం గౌరవానికి సంబంధించినది కాదు. పేరు లేని చోట వారసులుండరు. వారసులు లేనిచోట ప్రశ్న అడిగేవారుండరు. అమెరికాలో 1850లో హార్వర్డ్ పండితుడు లూయీ అగాసీ తన జాతి సిద్ధాంతం కోసం దక్షిణ కరోలినాలో బానిసల డాగెరోటైపులు తీయించాడు. వాటిలో రెంటీ, డీలియా అన్న తండ్రీకూతుళ్ళ పేర్లు నిలిచిపోయాయి. ఆ పేర్ల ఆధారంతోనే తాను రెంటీ వంశస్థురాలినని చెబుతూ తమారా లానియర్ 2019లో హార్వర్డ్ మీద దావా వేయగలిగారు. చిత్రంలో ఉన్నంత మాత్రాన చిత్రం మీద ఆస్తిహక్కు రాదని మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం 2022లో చెబుతూనే, విశ్వవిద్యాలయం ప్రవర్తన వల్ల కలిగిన మానసిక వేదన మీద ఆమె వాదన వినదగినదేనన్నది. 2025లో రాజీ కుదిరి, ఆ చిత్రాలను హార్వర్డ్ వదులుకుంది. అవి దక్షిణ కరోలినాలోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి చేరేలా ఏర్పాటైంది. చట్టం ఆస్తిని ఇవ్వలేదు. ఆ పేర్లే లేకపోతే ఈ దావా మొదలయ్యేదే కాదు.

గుస్సాడీ: కదిలే చిత్రం, కదలని చిత్రం

దండారి ఉత్సవంలో నెమలి పింఛాల టోపీ ధరించి, ఒళ్ళంతా విభూతి పూసుకొని ఆడే గుస్సాడీ నర్తకుడి రూపం ఉత్తర తెలంగాణకు గుర్తుగా మారింది. ప్రభుత్వ ప్రకటనల్లో, హోటళ్ళ గోడల మీద, పుస్తకాల అట్టల మీద ఆ రూపం కనిపిస్తుంది. దీని మీద నర్తకుడికి ఏ హక్కు ఉంది?

కాపీరైట్ చట్టం ప్రదర్శకుల హక్కును 1994లో గుర్తించి, 2012లో విస్తరించింది. నిర్వచనంలో నటులు, గాయకులు, నర్తకులతోపాటు పాములవారు, గారడీవారు కూడా ఉన్నారు. గుస్సాడీ నర్తకుడు నిస్సందేహంగా ప్రదర్శకుడే. అతని ఆటను ఒప్పుకోలు లేకుండా వీడియో తీసి వ్యాపారానికి వాడితే అభ్యంతరం చెప్పవచ్చు. అయితే చట్టం 'దృశ్య రికార్డింగు'ను కదిలే చిత్రాల నమోదుగా నిర్వచించింది. నిశ్చల ఛాయాచిత్రం ఆ మాట పరిధిలోకి రాదు. అంటే పది సెకన్ల వీడియోలో నర్తకుడికి హక్కు ఉంది, అదే ఆట నుంచి తీసిన ఒక్క ఫొటోలో లేదు. పింఛాల టోపీ విశిష్టత అంతా నిశ్చల చిత్రంలోనే బాగా అమ్ముడవుతుందన్న సంగతి చట్టం రాసినవారి దృష్టిలో లేదు.

మిగిలినది వ్యక్తిత్వ హక్కు, గోప్యత. 1994 నాటి రాజగోపాల్ తీర్పు, 2017 నాటి పుట్టస్వామి తీర్పు వీటికి పునాదులు. ఆచరణలో మాత్రం ఈ హక్కుతో కోర్టుకు వెళ్ళినవారిలో సినీతారలు, క్రీడాకారులే ప్రముఖంగా కనిపిస్తారు. ఫొటోలు అమ్మే అంతర్జాతీయ ఏజెన్సీలు వాణిజ్య ప్రకటనకు చిత్రంలోని వ్యక్తి సంతకంతో 'మోడల్ రిలీజ్' అడుగుతాయి. వార్తా వినియోగమైతే అడగవు. పండుగ చిత్రాలను రెండవ తరగతిలో పెడితే సంతకం సమస్య తీరిపోతుంది. ఉచిత లైసెన్సులు కూడా దీనికి విరుగుడు కావు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఫొటోగ్రాఫర్ తన హక్కును పంచుకునే ఏర్పాటు మాత్రమే; చిత్రంలోని వ్యక్తి హక్కులకు అది అనుమతి ఇవ్వదు. వికీపీడియా నుంచి తీసుకున్నాం కనుక ఏ ఇబ్బందీ లేదన్న నమ్మకం పరిశోధకుల్లో కనిపిస్తుంది. అది సగం నిజం.

మార్లవాయికి చెందిన గుస్సాడీ నర్తకుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన కన్నుమూశారు. పురస్కారం తరువాత ఆయన చిత్రాల కింద పేరు, ఊరు వచ్చాయి. హైమన్‌డార్ఫ్ కెమెరా నిలిచిన ఊరే అది. ఆ ఊరి మనిషికి బొమ్మ కింద పేరు దక్కడానికి రాష్ట్రపతి భవన్ గుర్తింపు కావలసి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దండారి దీక్షలో ఉన్న గుస్సాడీని గోండులు దైవాంశగా భావిస్తారు. ఆ రోజుల్లో తీసిన బొమ్మ కింద ఫలానా మండలం ఫలానా వ్యక్తి అని రాయడం ఆయనకు ఇష్టం కావచ్చు, కాకపోవచ్చు. పేరు పెట్టడమే అన్నివేళలా న్యాయమని పట్టుబడితే అదీ బయటివారి నిర్ణయమే అవుతుంది. అడిగి, చెప్పినట్లు రాయాలి. వద్దంటే 'పేరు వారి కోరికపై ఇవ్వలేదు' అని రాయాలి. లోకల్ కాంటెక్స్ట్స్ అనే సంస్థ రూపొందించిన సంప్రదాయ జ్ఞాన గుర్తులు ఈ దిశలో ఉపయోగపడతాయి. పవిత్రమైనది, ఋతువును బట్టి చూడవలసినది, వ్యాపారానికి ఇవ్వనిది అని సమాజమే తన చిత్రానికి గుర్తు తగిలించే ఏర్పాటు అది. చట్టబలం లేకపోయినా ఆర్కైవులు వాటిని పాటించడం మొదలుపెట్టాయి.

పరిశోధన గ్రంథాల్లో చిత్రాలు

పరిశోధన, విమర్శల కోసం చేసే న్యాయమైన వినియోగాన్ని సెక్షన్ 52 అనుమతిస్తుంది. సిద్ధాంత వ్యాసంలో ఒక చిత్రాన్ని చర్చించడానికి ముద్రించడం దీని కిందికి వస్తుంది. చర్చే లేకుండా అధ్యాయానికి అందంగా అతికించినది రాదు. అదే సిద్ధాంతం పుస్తకమై, ఆ చిత్రం అట్ట మీదికి ఎక్కితే అది విమర్శ కాదు, అమ్మకం. అప్పుడు లైసెన్సు తీసుకోక తప్పదు. కర్త పేరు చెప్పడం సెక్షన్ 57 కింద నైతిక హక్కు. ఆర్థిక హక్కును పూర్తిగా అమ్ముకున్న తరువాత కూడా అది కర్తతోనే ఉంటుంది. 'అంతర్జాల సౌజన్యం' అన్న రాత ఈ బాధ్యతల్లో ఒక్కదాన్నీ తీర్చదు. పర్యవేక్షకులు ఆ మాటను ఆమోదించడం మానాలి.

చిత్రంలోని వ్యక్తి పేరు లేదా పేరు ఇవ్వకపోవడానికి కారణం, ఊరు, తేదీ, తీసినవారు, యజమాని, అనుమతి ఏ ఉపయోగానికి ఇచ్చారన్నది, ఒక ప్రతి ఆ కుటుంబానికి చేరిందా లేదా అన్నది, ఇవన్నీ అనుబంధంలో ఒక వరుసకు మించవు. క్షేత్రపర్యటన చేసిన పరిశోధకులకు ఇది భారం కాదు. కాగజ్‌నగర్‌లోనో ఉట్నూరులోనో స్టూడియోలో ప్రింటు వేయించి ఇవ్వడానికి అయ్యే ఖర్చు, ఆ ఊరికి వెళ్ళివచ్చే ఖర్చులో చిన్న భాగం.

పాత చిత్రాల పని ఇంత సులువు కాదు, ఆగేదీ కాదు. హైమన్‌డార్ఫ్ చిత్రాల్లోని ముఖాలను గుర్తుపట్టగలవారు మార్లవాయి, కేస్లాపూర్, సిర్పూర్-యు పరిసర గ్రామాల వృద్ధులే. 1943లో పదేళ్ళ వయసున్న పిల్లవాడికి 2025 నాటికి 92 ఏళ్ళు. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని డిగ్రీ కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు లండన్ ఆర్కైవు నుంచి ప్రతులు తెప్పించుకొని, గోండీ తెలిసిన విద్యార్థులతో ఊరూరా చూపించి, చెప్పిన పేర్లు రాసుకోవడానికి కొత్త చట్టం అవసరం లేదు. గడువు తీరిన 1948 నాటి చిత్రాలతో మొదలుపెడితే మన దేశంలో కాపీరైట్ అనుమతి కోసం కూడా ఆగనక్కరలేదు.